చేతిలో ఊలు, చెవిలో కథ

మన పెద్దలు పురాణం ఊరికే కూర్చుని వినలేదు. కార్తీకమాసంలో గుడి అరుగుమీద ఒకరు భాగవతం చదివి అర్థం చెబుతూ ఉంటే, ఎదురుగా కూర్చున్న అమ్మలక్కల ఒళ్లో పత్తి ఉండేది. కథ సాగినంతసేపూ వత్తులూ సాగేవి. ప్రహ్లాదుడి కష్టాలు గట్టెక్కేసరికి లక్షవత్తుల నోముకు ఒక దోసెడు వత్తులు తయారు. చెవి పని చెవిది, చేతి పని చేతిది. రెంటికీ తగువు లేదు.

ఊలు అల్లిక నేర్చుకోవాలని సరదా పడేవారు మన సంఘం కుటుంబాలలో చాలామంది ఉన్నారు. ఇంట్లో తెలుగు పుస్తకం చదవాలని కోరిక ఉన్నా తీరిక లేదనేవారు అంతకంటే ఎక్కువమంది. ఈ రెండు కోరికలనూ ఒకే చాపమీద కూర్చోబెట్టవచ్చునని మా ఇంటి అనుభవం. దానిని చదువరుల ముందుంచడమే ఈ నెల ముచ్చట.

"రెండు పనులు కలిపితే రెండూ చెడతాయి గదా" అని కొందరు అనవచ్చు. లెడ్జరు రాస్తూ టెలిఫోను మాట్లాడితే చెడతాయి, నిజమే. ఇరవై ఏళ్లుగా గుమాస్తా కుర్చీలో కూర్చున్నవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాని అల్లికకు కావలసినవి వేళ్లు, కొంచెం చూపు. కథకు కావలసినది చెవి. పైగా ఈ రోజుల్లో చేయి ఖాళీగా ఉంటే అది తిన్నగా ఫోను మీదికి పోతుంది. రెండు చేతుల్లోనూ సూదులుంటే ఫోను పట్టుకోవడానికి మూడో చేయి లేదు. ఈ ఒక్క లాభం కోసమైనా అల్లిక నేర్చుకోవచ్చు.

ఇంతకంటే పెద్ద సంగతి ఒకటి ఉంది. మాది బెంగుళూరు. మా ఇంట్లో అయిదుగురం: మా అమ్మగారు, మేమిద్దరం, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి, అయిదో తరగతి చదివే పిల్లవాడు. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు. అయిదుగురూ తెలుగు మాట్లాడతాము. చదవగలిగినవారము మాత్రం ముగ్గురమే, అందులో మా అమ్మగారికి చూపు మందగించి మూడేళ్లయింది. పిల్లల బడి టైంటేబిలులో తెలుగుకు చోటు లేదు. రాష్ట్రం వెలుపల స్థిరపడ్డ కుటుంబాల్లో నూటికి ఎందరిది ఇదే కథో మనకందరికీ తెలిసినదే. మాట మిగిలి అక్షరం పోయిన ఇల్లు, తాళంచెవి పోయిన ఇనప్పెట్టె వంటిది. పెట్టె బరువుగానే ఉంటుంది. లోపల ఏముందో తీసి చూసేవారుండరు.

అలాగని పిల్లలను పిలిచి, "రండి, తెలుగు నేర్చుకోండి" అంటే ఏమవుతుంది? ఒకరికి హోంవర్కు గుర్తుకు వస్తుంది, ఇంకొకరికి కడుపునొప్పి వస్తుంది. "రండి, మఫ్లరు అల్లుదాం, అల్లినంతసేపూ ఎవరో ఒకరు కథ చదువుతారు" అంటే ఇద్దరూ వచ్చి కూర్చున్నారు. అక్షరం దొడ్డిదారిన వచ్చినా ఇంట్లోకి వచ్చినట్లే!

ముందు అల్లిక సంగతి. కొత్తవారికి కావలసిన సరంజామా స్వల్పం. ఒక జత సూదులు, రెండు మూడు ఉండల ఊలు, కత్తెర, మొన మొద్దుగా ఉండే ఒక పెద్ద కంటిసూది. సూదుల నెంబర్లలో ఒక తిరకాసు ఉంది. మన దుకాణాల్లో వాడుకలో ఉన్న పాత ఇంగ్లీషు కొలతలో నెంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. పన్నెండో నెంబరుది సన్న సూది; ఎనిమిదో నెంబరుది అంతకంటే లావు, అంటే 4 మిల్లీమీటర్లు. నేర్చుకునేవారికి ఎనిమిదో నెంబరు అనువుగా ఉంటుంది. ఊలు మరీ సన్నమూ కాక, మరీ లావూ కాక నడితరంగా ఉండాలి. లేత రంగుదైతే కుట్లు కంటికి స్పష్టంగా కనిపిస్తాయి. నల్ల ఊలు, బొచ్చు లేచే ఊలు చేయి తిరిగిన తరువాత కొనుక్కోవచ్చు. ఊలు చిలపగా దొరికితే ముందు ఉండ చుట్టుకోవాలి. ఒకరు రెండు చేతులూ చాచి చిలప పట్టుకోవడం, మరొకరు చుట్టడం, ఇది మా చిన్నవాడికి అన్నిటికంటే ఇష్టమైన పని.

మాకు అల్లిక నేర్పినది పక్కింటి కన్నడ అమ్మగారు. పిల్లలు ఆమెను అజ్జీ అంటారు. ఆమె పాఠమంతా నాలుగు మాటలు: చుచ్చు, సుత్తు, ఎళె, బిడు. మేము దానిని తెలుగు చేసుకున్నాము: గుచ్చు, చుట్టు, లాగు, విడు. ఎడమచేతి సూదిమీది మొదటి ఉచ్చులోకి కుడిచేతి సూది గుచ్చాలి. దాని మొనకు ఊలు చుట్టాలి. చుట్టిన ఊలును ఉచ్చులోనుంచి లాగాలి. పాత ఉచ్చును ఎడమ సూదినుంచి విడిచిపెట్టాలి. ఒక కుట్టు అయినట్లే. దీనినే నిట్ కుట్టు అంటారు. ఊలును ముందువైపు ఉంచుకుని ఇదే పని ఎదురునుంచి చేస్తే పర్ల్ కుట్టు. నిట్ కుట్టును వెనకనుంచి చూస్తే కనిపించేది పర్ల్ కుట్టే గనుక, ఒకటి వచ్చినవారికి రెండోది రావడం ఆలస్యం కాదు. ప్రపంచంలో ఎంత గొప్ప స్వెట్టరు డిజైనైనా చాలావరకు ఈ రెండు కుట్ల సంసారమే.

మొదటి వస్తువుగా మఫ్లరు మంచిది. దానికి చేతులు లేవు, మెడ లేదు, పెంచడం తగ్గించడం లేదు. ముప్ఫై కుట్లు సూదికి ఎక్కించి, ప్రతి వరసా నిట్ కుట్టే వేసుకుంటూ పోవాలి. రెండు వరసలకు ఒక గట్టు చొప్పున, రెండు వైపులా ఒకే మాదిరిగా వస్తుంది. అంచులు చుట్టుకుపోవు. ఒక వరస నిట్, ఒక వరస పర్ల్ వేస్తే నున్నగా అందంగా ఉంటుంది గాని, అంచులు ముడుచుకుపోయి గొట్టంలా అవుతుంది. అందుకని అది తరువాతి పాఠం. ఎనిమిదో నెంబరు సూదిమీద నడితరం ఊలుతో ముప్ఫై కుట్లంటే సుమారు అయిదున్నర అంగుళాల వెడల్పు. అరవై అంగుళాల పొడవు కావాలంటే దాదాపు ఆరువందల వరసలు, అంటే పద్దెనిమిది వేల కుట్లు. లెక్క వింటే గుండె గుభేలుమంటుంది. రోజుకు ఇరవై వరసల చొప్పున వేసుకుంటే నెల్లాళ్ల పని. ఒక నవల కూడా అంతేగదా! మొత్తం అక్షరాలు లెక్కపెట్టి ఎవరూ మొదలుపెట్టరు.

ఆఫీసులో ఏ పేజీకి ఆ పేజీ మొత్తం వేసుకున్నట్లు, కొత్తవారు ప్రతి వరస చివరా కుట్లు లెక్కపెట్టుకోవాలి. ముప్ఫై ఒకటి వస్తే, ఎక్కడో ఊలు సూదిమీదుగా అదనంగా చుట్టుకుందన్నమాట. ఇరవై తొమ్మిది వస్తే ఒక కుట్టు జారిందన్నమాట. జారిన కుట్టును చూసి కంగారుపడి లాగరాదు. లాగితే నిచ్చెన మెట్లలాగా కిందిదాకా విడిపోతుంది. అల్లికను బల్లమీద పరచి, వేలాడే ఉచ్చులో ఒక పిన్నీసు గుచ్చి ఆపి, అప్పుడు నెమ్మదిగా ఎక్కించాలి.

ఇక కథ సంగతి. కుట్లు ఎక్కించేటప్పుడూ, చివర మూసేటప్పుడూ కథ వద్దు. అవి లెక్కపెట్టే పనులు. అక్కడ చదివేవారు కాస్సేపు మంచినీళ్లు తాగవచ్చు. తిన్నని వరసలు సాగుతున్నప్పుడు ఎంత మలుపులున్న కథైనా వినవచ్చు. డిజైను వేసే రోజున మాత్రం తెలిసిన కథ, లేదా పద్యాలు చాలు. చదివేవారు అల్లేవారికోసం ఆగాలి, అల్లేవారు చదివేవారి గొంతుకోసం ఆగాలి. ఫోనులో కూడా ఈనాడు తెలుగు కథలు వినవచ్చునని కొందరు అంటారు. వినవచ్చు, కాదనము. కాని పిల్ల కుట్టు జారి "అయ్యో" అంటే ఫోను ఆగదు. అవ్వ "ఆ మాటకు అర్థమేమిటో పిల్లలకు చెప్పు" అన్నా దానికి వినపడదు.

మొదటి వారం పొట్టి కథలే చదవాలి. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. ఇప్పుడా పత్రిక అచ్చుకావడం లేదు గాని, పాత సంచికలు చాలా ఇళ్లలో ఉన్నాయి. అందులో బేతాళ కథలు అల్లికకోసమే పుట్టాయా అనిపిస్తుంది. కథ చివర బేతాళుడు ప్రశ్న వేస్తాడు. అక్కడ పుస్తకం మూసి అందరూ కుట్లు లెక్కపెట్టుకుంటూ జవాబు ఆలోచిస్తారు. లెక్క తేలినవారు ముందు జవాబు చెప్పాలి. విక్రమార్కుడికంటే మా చిన్నవాడి తీర్పులే కఠినం! తరువాత సత్యం శంకరమంచిగారి అమరావతి కథలు. ఒక్కొక్కటీ నాలుగైదు పేజీలకు మించకుండా, పడుకోబోయేముందు సరిగ్గా సరిపోతాయి. ముళ్లపూడి వెంకటరమణగారి బుడుగు ఉన్న ఇంట్లో మరొక జాగ్రత్త అవసరం. నవ్వేటప్పుడు సూదులు ఒళ్లో పెట్టుకోవాలి.

కథ ఉత్కంఠగా ఉన్నచోట కుట్లు బిగుస్తాయి, నవ్వు వచ్చినచోట వదులవుతాయి. కొత్త చేతుల్లో ఇది తప్పదు. చేయి కుదిరేకొద్దీ అదే సమమవుతుంది. మా మొదటి మఫ్లరులో సన్నబడ్డ చోటు చూపించి, "ఇక్కడ బేతాళుడున్నాడు" అంటారు పిల్లలు.

నెల గడిచాక మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిస్టరు పార్వతీశం పట్టుకున్నాము. మొదటి భాగం 1924లో వెలువడింది. మొగల్తూరు కుర్రవాడు ఇంగ్లండు చలికి బయలుదేరి, దారిలో ఆడవారి టోపీ కొని నెత్తిన పెట్టుకున్న ఘట్టానికి నలుగురు అల్లేవారిలో ఒక్కరి చేయీ కదలలేదు. మొగల్తూరు పేరు వినగానే మా అమ్మగారు, "మా అత్తగారి పుట్టిల్లు దానికి దగ్గరే, నరసాపురం" అన్నారు. ఆమెకు లేసు అల్లిక వచ్చునని పిల్లలకు తెలిసింది అప్పుడే. నరసాపురం ప్రాంతానికి ఈ లేసు 19వ శతాబ్దంలో మిషనరీ కుటుంబాల ద్వారా వచ్చింది. కొన్నివేల ఇళ్లలో ఆడవారి చేతిపని అయింది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. లేసుకు ఒకటే సూది, మొనన చిన్న కొక్కెం. అత్తగారు నేర్పిన ఆ విద్యను మా అమ్మగారు నలభై ఏళ్లుగా ముట్టుకోలేదట. పెట్టెలోనుంచి కొక్కెం సూది తీశారు. జారిన కుట్టును వేళ్లతో తడుముకుని, కొక్కెంతో ఒక్కొక్క మెట్టూ లాగి పైకి ఎక్కించడం ఆనాటినుంచి ఆమె శాఖ. దానికి కంటిచూపుకంటే వేలిచూపు ముఖ్యం. పుస్తకం పట్టలేక మూలన కూర్చున్న మనిషికి ఇంట్లో మళ్లీ ఒక ఉద్యోగం దొరికింది.

అక్షరాల సంగతి చెప్పవలసి ఉంది. ప్రతి రాత్రి చదివే వంతు పెద్దలదే అయితే పిల్లలకు వినికిడి వస్తుంది గాని చదువు రాదు. అందుకని ఒక నియమం పెట్టుకున్నాము. ఒక గట్టు పూర్తిచేసినవారు సూదులు దించి, పుస్తకంలో ఒక్క వాక్యం చదవాలి. ఒక్కటే. కన్నడం చదవగల పిల్లలకు తెలుగు లిపి సగం తెలిసినట్లే. రెండూ ఒకే తెలుగు కన్నడ లిపినుంచి, సుమారు 13వ శతాబ్దం తరువాత క్రమంగా విడిపోయిన అక్కచెల్లెళ్లు. గ, ద, న, ర, వ చూస్తే ముఖాలు కలుస్తాయి. ఒత్తులు రెంటిలోనూ కిందనే. తెలుగు తలకట్టు టిక్కు గుర్తులా పైకి లేస్తుంది, కన్నడపుది అడ్డంగా సాగుతుంది. ఈ, ఏ, ఓ దీర్ఘాలు కన్నడంలో అక్షరం పక్కన వేరే గుర్తుగా వస్తాయి. తెలుగులో నెత్తిమీదే తేలిపోతాయి. పిల్లలు తడబడేది క, త, శ వంటి కొన్నిటి దగ్గరే. వాటిని ఒక అట్టముక్కమీద రాసి ఊలు బుట్టకు కట్టాము. మా అమ్మాయి రెండు నెలల్లో వాక్యం నుంచి పేరాకు, పేరా నుంచి పేజీకి వచ్చింది. తమ్ముడు ఇంకా వాక్యం దగ్గరే ఉన్నాడు, తొందర లేదు. వరసలు ఇంకా బోలెడున్నాయి.

తమిళనాడు, ఒడిశా, మహారాష్ట్రలలో ఉన్న చదువరులకు లిపి ఇంత దగ్గరగా ఉండదు. అక్కడ వాక్యానికి బదులు ఒక్క మాట చాలు. పెద్ద బాలశిక్ష ఒకటి బుట్టలో ఉంచుకుంటే గుణింతం చేతికందుతుంది. "యానాంలో, బరంపురంలో ఊలుతో మాకేం పని?" అని నవ్వేవారికి జవాబు: ఇవే కుట్లు నూలు దారంతో వేస్తే వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలు, బల్లమీది చాపలు, పసిపిల్లల టోపీలు వస్తాయి. మగవారికి ఈ పని తగునా అని మా ఆఫీసులోనూ ఒకరిద్దరు అడిగారు. ఒకప్పుడు ఐరోపాలో అల్లిక వృత్తి సంఘాల్లో సభ్యులు మగవారే. 1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన దేశంలో ఎందరో స్త్రీలు అల్లి పంపిన స్వెట్టర్లు తొడుక్కున్నవారు జవానులు. తొడుక్కోవడానికి లేని సిగ్గు అల్లడానికి ఎందుకు?

మొన్న సంక్రాంతి సెలవుల్లో జరిగినది ఒకటి చెప్పి ముగిస్తాము. మా నాన్నగారు కోలారు బంగారు గనుల ఆఫీసులో పనిచేసిన రోజుల్లో ఇంటికి రాసిన కార్డులు మా అమ్మగారి పెట్టెలో ఒక కట్ట ఉన్నాయి. కొక్కెం సూది కోసం తీసిన ఆ పెట్టెలోనే. మేము ఎప్పుడైనా ఆదివారం తీరిక చిక్కితే ఒకటి రెండు చదివి వినిపించేవాళ్లం. ఆవేళ మా అమ్మాయి తనంతట తానే ఒక కార్డు తీసి, చేతిరాత గనుక కొంచెం తడుముకుంటూ, మొదటినుంచి చివరిదాకా చదివింది. అందులో విశేషమేమీ లేదు. బియ్యం ధర, శనివారం ఏ రైలుకు వచ్చేదీ, పిల్లవాడికి జ్వరం తగ్గిందా అన్న ప్రశ్న. ఆ పిల్లవాడు ఇప్పుడు ఈ శీర్షిక రాస్తున్నాడు. మా అమ్మగారు సూది ఒళ్లో పెట్టి, "ఇంకొకటి తియ్యమ్మా" అన్నారు. కట్టలో నూటికి పైగా ఉన్నాయి. ఇక వాటికి మా ఆదివారాలకోసం కాచుకోవలసిన పని లేదు.

వచ్చే నెల పర్ల్ కుట్టు, టోపీ అంచుకు వేసే సాగే అల్లిక గురించి ముచ్చటించుకుందాం. ఈలోపల మీ ఇంట్లో పైకి చదవడానికి బాగున్న పుస్తకాల పేర్లు కార్డుముక్కమీద రాసి పంపండి. తెలుగులోనే రాయండి. వీలైతే పిల్లలచేత రాయించండి.